లెక్కకు రాని నైట్రస్ ఆక్సైడ్

తమిళనాడులోని నైవేలీ రెండో థర్మల్ కేంద్రం విస్తరణలో వచ్చిన 250 మెగావాట్ల యూనిట్లు రెండింటిలోనూ లిగ్నైట్ (గోధుమ బొగ్గు) మండేది ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్లలోనే. గుజరాత్‌లోని సూరత్ లిగ్నైట్ విద్యుత్ కేంద్రంలోనూ ఇదే పద్ధతి. మన తెలుగు రాష్ట్రాల్లో ఊకతో కరెంటు తీసే చిన్న కేంద్రాలకూ ఈ తరహా బాయిలర్లు కొత్త కాదు. నాసిరకం ఇంధనాన్నయినా మండిస్తాయనీ, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువనీ వీటికి మంచి పేరుంది. ఆ పేరు సగమే నిజం.

బాయిలర్ అడుగున నాజిళ్ల గుండా గాలి ఎగదన్నుతుంటే ఇసుక, బూడిద, సున్నపురాయి పొడి కలిసి ఎసరులా తెర్లుతుంటాయి. ఆ రాశిలో బొగ్గు వాటా నూటికి కొద్ది పాళ్లే. వేడి 800–900 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటుంది. గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో చెప్పుకోదగినంతగా కలవాలంటే ఆ వేడి చాలదు. కాబట్టి ఇక్కడ పుట్టే ఆక్సైడ్లకు మూలం దాదాపుగా ఇంధనంలో ఉన్న నైట్రోజనే.

చిక్కు కూడా అక్కడే ఉంది. బొగ్గు వేడెక్కగానే అందులోని నైట్రోజన్‌లో కొంత హైడ్రోజన్ సయనైడ్‌గా బయటికొస్తుంది. ఈ తక్కువ వేడిలో దాన్నుంచి నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది, పుట్టింది పూర్తిగా విరిగిపోదు. వేడి పెంచితే అది తగ్గుతుంది. కానీ నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది, సున్నపురాయి గంధకాన్ని పట్టే శక్తీ సడలుతుంది. ఊకలాంటి జీవ ఇంధనాల్లో నైట్రోజన్ ఎక్కువగా అమ్మోనియా రూపంలో వెలువడుతుంది కనుక వాటితో నైట్రస్ ఆక్సైడ్ బెడద తక్కువ.

ఇది చిన్న విషయమని తోసిపుచ్చలేం. వందేళ్ల లెక్కన కిలో నైట్రస్ ఆక్సైడ్ భూతాపంలో 273 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. పైగా ఓజోన్ పొరనూ తినేస్తుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం (ఐపీసీసీ) 2006 మార్గదర్శకాల ప్రకారం ఈ బాయిలర్లలో టెరాజౌల్ వేడికి సరిపడా బిట్యుమినస్ బొగ్గు మండిస్తే 61 కిలోల నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. బొగ్గును పొడిచేసి మండించే మామూలు బాయిలర్లలో అది రెండు కిలోలకు లోపే. ఆ 61 కిలోలు 16 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అదే బొగ్గు నుంచి నేరుగా వెలువడే కార్బన్ డయాక్సైడ్ సుమారు 95 టన్నులు. అంటే ఆరో వంతుకు పైగా అదనపు భారం!

మన నిబంధనల్లో దీని ఊసే లేదు. 2015 డిసెంబరులో కేంద్రం థర్మల్ కేంద్రాలకు పెట్టిన నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్‌లకే వర్తిస్తుంది. 2017 నుంచి వచ్చే యూనిట్లకు ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములన్నారు. 2004–2016 నాటి యూనిట్లకు మొదట 300 అని, 2020లో దాన్ని 450కి సడలించారు. ఇంత చర్చ జరిగినా నైట్రస్ ఆక్సైడ్‌ను ఎవరూ పట్టించుకోలేదు.

ఐరోపా సమాఖ్య 2017లోనే పెద్ద సర్క్యులేటింగ్ ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్లలో ఏడాదికోసారి ఈ వాయువును కొలవాలని నిర్దేశించింది. కేంద్ర పర్యావరణ శాఖ మన లిగ్నైట్, బొగ్గు కేంద్రాలకూ వెంటనే ఆ నియమం పెట్టాలి, వచ్చిన అంకెలను జనం ముందుంచాలి.