చిన్నబడికి పాత కంప్యూటర్ చాలు

గౌరవనీయులు రాష్ట్ర విద్య, ఐటీ శాఖల మంత్రి నారా లోకేశ్ గారికి,

బడీ ఐటీ రెండూ మీ చేతుల్లోనే ఉన్నాయి కనుక ఈ విన్నపం మీకే చేస్తున్నాను. మా ప్రత్తిపాడు మండలం ప్రాథమిక బడుల్లో ఒకటో తరగతి నుంచే పిల్లల చేతికి మౌస్ ఇప్పించండి. 2022లో ట్యాబులు ఎనిమిదో తరగతికి ఇచ్చారు. అంతదాకా ఆగనక్కర్లేదు.

కొత్తవి కొననూ అక్కర్లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లు ఆఫీసుల్లో మూలన పడకుండా లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేయించి చిన్నబడులకు పంపండి.

వాటిలో జీకాంప్రీ, టక్స్ పెయింట్ అనే పిల్లల ప్రోగ్రాములు ఉంటే చాలు. మొదటిది 2000లో ఫ్రాన్స్‌కు చెందిన బ్రూనో కూదెన్ మొదలుపెట్టింది. అందులో మౌస్ కదిపితే తెర మీది గళ్లు చెరిగి అడుగున బొమ్మ బయటపడుతుంది. పై నుంచి జారే అక్షరం కిందికి చేరేలోపు కీబోర్డులో దాన్ని నొక్కాలి. టక్స్ పెయింట్‌లో వేసిన బొమ్మ దాచుకోవడానికి ఫైలుకు పేరు పెట్టే పని కూడా లేదు. ఇంకా రాయడం రాని బిడ్డకు అదెంత మేలో చూడండి.

రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. ఉచితం కావడం ఒక్కటే కాదు, మాకు అంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. మిరప కోతలకు వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఇక్కడ ఉండేది కొన్ని వారాలే. లాగిన్ లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు కనుక వచ్చిన రోజే కూర్చోవచ్చు. వెళ్లేటప్పుడు టీచరుగారు అదే ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో వేసి వాళ్ల ఊరి బడికి పంపవచ్చు. ఆ హక్కు లైసెన్సే ఇస్తోంది.

ఇది కొత్త దారేమీ కాదు. 2001లో ఐటీ@స్కూల్ ప్రాజెక్టు మొదలుపెట్టిన కేరళ తర్వాత బడి కంప్యూటర్లను గ్నూ/లినక్స్ మీదికి మార్చుకుంది. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన స్వేచ్ఛ సంస్థ మన దగ్గరే ఉంది. వాళ్లను పిలిచి మాట్లాడండి.

ఒక్క పని మాత్రం ప్రభుత్వమే పూనుకోవాలి. చదవడం రాని పిల్లలకు గొంతే ముఖ్యం. ఈ ప్రోగ్రాముల తెలుగును సరిచూసి, మాటలను చక్కగా పలికి రికార్డు చేసేందుకు కొందరు టీచర్లకు ఆన్ డ్యూటీ ఇవ్వండి. ఆ పనిని ఈ ప్రోగ్రాముల మూల ప్రాజెక్టులకే అందిస్తే హోసూరు, బళ్లారి తెలుగు పిల్లలకూ చేరుతుంది.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి మా మండలంలో మొదలుపెట్టించండి. టీచర్లకు లినక్స్ శిక్షణ వేసవిలోనే పెట్టించండి.

భవదీయుడు,
ప్రత్తిపాడు వాసి