మీటర్ ధర కన్నా ముందు మోడెం చూడండి

డిస్కంల సీఎండీ గార్లకు,

స్మార్ట్ మీటర్ల టెండర్ రాసేటప్పుడు, రీడింగులను మొబైల్ నెట్‌వర్క్ మీద పంపే లోపలి మోడెం మీద కాస్త మనసు పెట్టమని వేడుకుంటున్నాను.

చవగ్గా వస్తుందని 2జీ మోడెం ఒప్పుకోవద్దు. జియోకు 2జీ మొదటి నుంచీ లేదు. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా 2016లోనే 2జీని ఆపేసింది. మీటరేమో ఏళ్ల తరబడి పనిచేయాల్సిన వస్తువు. నా ఓటు ఎల్‌టీఈ క్యాట్-1 బిస్ రకం 4జీ మోడెంకే: ఒకే యాంటెన్నాతో, మామూలు 4జీ టవర్ల మీదే నడుస్తుంది. ఎన్‌బీ-ఐఓటీ అనే మరో రకం బ్యాటరీ ఆదా చేస్తుంది, నిజమే. కానీ కరెంటు లైను మీదే ఉండే మీటరుకు ఆ ఆదాతో పెద్దగా పనిలేదు, పైగా ఆ సేవ ప్రతి టవర్ మీదా దొరకదు.

మోడెం ఏ బ్యాండ్ల మీద పనిచేస్తుందో కూడా అడగండి. పల్లెల్లో దూరం అందేవి 700, 850, 900 మెగాహెర్ట్జ్‌లే. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి 700 కావాలి. ఆపరేటర్‌ను ఆఫీసు నుంచే మార్చగలిగే ఈ-సిమ్ తప్పనిసరి చేయండి.

అన్నిటికన్నా యాంటెన్నా ముఖ్యం. పొలంలో మీటర్ ఇనుప పెట్టెలో ఉంటే తలుపు మూయగానే సిగ్నల్ పడిపోతుంది. యాంటెన్నా పెట్టె బయటికి రావాలని టెండర్లోనే రాయండి. ఆర్డర్ ఇచ్చేముందు నమూనా మీటర్లను ఊరి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, పెట్టె మూసి, నెల రోజులు నడిపి చూడండి.

ఇట్లు,
ఒక ఎంబెడెడ్ ఇంజినీరు