టైలు కింద ఏముంది?
కృష్ణా డెల్టాలో ఇల్లు కట్టేవాళ్లు టైల్సు రంగు కోసం బెజవాడ షాపులన్నీ తిరుగుతారు గానీ, బేస్‌మెంట్ పూడ్చే రోజు సైటు దగ్గర కనబడరు. ఈ శ్రద్ధ తలకిందులుగా ఉందంటాను. గుడివాడైనా, ఉయ్యూరైనా ఎక్కువగా మనది నల్లమట్టి: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. పునాదిలో తవ్విన మట్టినే మళ్లీ లోపలికి తోసి, నీళ్లు పెట్టకుండా, దిమ్మిస కొట్టకుండా పైన పల్చగా కాంక్రీటు పరిస్తే నేల కుంగడం ఖాయం; మోర్బీ నుంచి తెప్పించిన ఖరీదైన పలకైనా దాంతోపాటే దిగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు బెజవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నిలిచాయి. అలాంటి చోట నాలుగు మూలలా ముద్దలు పెట్టి అతికించిన టైలు కింద నీరు చేరడానికి ఖాళీ మనమే ఇచ్చినట్టు. అతికాక నాణెంతో కొట్టి చూడండి. డొల్లగా మోగితే, మేస్త్రీ ఎంత విసుక్కున్నా, తీయించాల్సిందే. పలకల మధ్య సందు కనబడకూడదని పట్టుబట్టేదీ మనమే (పాపం, మేస్త్రీ స్పేసర్లు జేబులోనే ఉండిపోతాయి). మన ఎండలకు పలక సాగడానికి రెండు మిల్లీమీటర్లయినా వదలొద్దూ? కాస్త చవక టైలు కొని, మిగిలిన డబ్బుతో ఇసుకో గ్రావెలో పొరలుగా పోయించి గట్టిగా దిమ్మిస కొట్టించండి.