ఢీకొన్న బండి – కోతపడిన జీతం

సరుకులు మోసే పికప్ బండి దేనినైనా ఢీకొన్నప్పుడు మొదట లెక్కకు వచ్చేవి కంటికి కనిపించే నష్టాలు. బంపరు, రేడియేటరు, హెడ్‌లైటు మార్చి, రంగు వేసి బండిని తిరిగి రోడ్డెక్కిస్తారు. పది పదిహేను రోజులు గడిచేసరికి డ్యాష్‌బోర్డు మీద ఇంజను లైటు, ఏబీఎస్ లైటు వెలుగుతాయి. ఎత్తు ఎక్కవలసిన చోట బండి లాగదు. స్కానరు తగిలించి చూసి, 'నాలుగు సెన్సార్లు పోయినవి' అని తీర్పు చెబుతారు. ఆ నాలుగింటి ఖరీదూ డ్రైవరు జీతంలోనుంచి నెలనెలా కోత పడుతుంది.

ప్రమాదానికి డ్రైవరు బాధ్యుడా కాదా అన్న చర్చ ఒక ఎత్తు. ఆ సెన్సార్లు నిజంగా పోయినవా అన్నది మరొక ఎత్తు. మొదటి ప్రశ్నపై మన సంఘాలు గట్టిగానే వాదిస్తున్నవి. రెండవదానిని యాజమాన్యం మాటకే వదిలివేస్తున్నవి. ఇది సమంజసం కాదు.

2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత చిన్న సరుకు బండిలో కూడా సెన్సార్ల సంఖ్య పెరిగినది. అయితే స్కానరు చూపే కోడు జబ్బు పేరు కాదు. ఫలానా తీగ మీద రావలసిన వోల్టేజి రావటం లేదని మాత్రమే అది సాధారణంగా చెబుతుంది. ఇంజను కంప్యూటరు పలు సెన్సార్లకు ఒకే 5 వోల్టుల సరఫరాను పంచి ఇస్తుంది. దెబ్బ తగిలినచోట నలిగిన ఒక్క తీగ పైతొడుగు చిట్లి ఛాసిస్‌కు తాకితే చాలు, ఆ సరఫరా మీద ఆధారపడిన సెన్సార్లన్నీ ఒక్కసారిగా చెడినట్లు కనిపిస్తాయి. కీ ఆన్ చేసి, కప్లర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ మీటరు చూడాలి. ఏదో ఒకటి తీయగానే 5 వోల్టులు తిరిగి వస్తే ఆ సెన్సారును అనుమానించవచ్చు. అన్నీ తీసినా రాకపోతే తప్పు తీగలోనే వెదకాలి. నాలుగు సెన్సార్ల బిల్లు అక్కడ ఒక మూర తీగగా తేలిపోవచ్చు.

ఎర్తు సంగతి ఇంకా అన్యాయం. బాడీకి కొత్తగా రంగు వేసి, ఎర్తు బోల్టు కింద రంగు గీకకుండానే బిగిస్తే కరెంటుకు తిరుగు దారి ఉండదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజను దిమ్మకూ మధ్య మీటరు పెట్టి, అర వోల్టుకు మించి చూపితే ఎర్తు బలహీనమని తెలుసుకోవచ్చు. రెండు నిమిషాల పని! ఇక కంప్యూటర్లు పరస్పరం మాట్లాడుకునే జంట తీగల విషయం: బ్యాటరీ తీసివేసి, చాలా బండ్లలో స్కానరు కప్లరు 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే సుమారు 60 ఓములు ఉండాలి. 120 ఉంటే తీగ ఎక్కడో తెగినదని అనుమానించాలి. సున్నాకు దగ్గరైతే రెండు తీగలూ కలిసిపోయినవి.

ఒక్క హెచ్చరిక మాత్రం చేయక తప్పదు. ఎయిర్‌బ్యాగు కప్లర్లలో, అవి సాధారణంగా పసుపు రంగువి, మామూలు మీటరు పెట్టరాదు. బ్యాటరీ విప్పి, కంపెనీ చెప్పినంత సేపు ఆగకుండా అక్కడ చేయి పెట్టటం మెకానిక్కు ప్రాణానికే ముప్పు. ఆ సమయం ఎంతో చెప్పే పుస్తకం షెడ్డులో ఉన్నదా? ఉండదు.

చేతి మీటరుతోనే ఇవన్నీ తేల్చగల ఎలక్ట్రీషియన్లు విజయవాడ ఆటోనగర్‌లోనూ గాజువాకలోనూ ఉన్నారు. వారికి లేనిది నైపుణ్యం కాదు, వైరింగు పటం. విడిభాగాలనూ పరీక్షా పరికరాలనూ స్వతంత్ర మెకానిక్కులకు అందనివ్వని కారణంగా 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించినది. కంపెనీలు న్యాయస్థానాలకెక్కినవి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు'పై కమిటీ వేసి, ఆటోమొబైల్ రంగాన్ని కూడా అందులో చేర్చినది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే ఇందుకు చట్టం చేసినది. మన దేశంలో కమిటీలతో, పోర్టళ్లతో సరిపెట్టటాన్ని మనం అంగీకరించరాదు.

జీతం కోత విషయంలో చట్టం స్పష్టంగానే ఉన్నది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం ప్రకారంగానీ, దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడు ప్రకారంగానీ, అప్పగించిన వస్తువుకు కలిగిన నష్టం నేరుగా కార్మికుని నిర్లక్ష్యం వల్లనే అయి ఉండాలి. కోత ఆ నష్టానికి మించరాదు. అతని సంజాయిషీ వినకుండా కోయరాదు. కొలవకుండా మార్చిన సెన్సారు ఖరీదు 'నష్టం' ఎట్లా అవుతుంది?

కాబట్టి కోత నోటీసు వచ్చినచోట మన శాఖలు పరీక్షల వ్రాతపూర్వక నివేదికను కోరాలి: ఏ కోడు వచ్చినది, ఏ తీగపై ఎంత వోల్టేజి చూపినది, ఎర్తు పరీక్షించారా లేదా. కోడ్లను చెరిపివేయటానికి ముందే స్కానరు తెరను ఫోటో తీయించాలి. లోపం తలెత్తిన క్షణాన బండి వేగం, ఇంజను వేడి ఎంత ఉన్నవో కంప్యూటరు నమోదు చేసి ఉంచుతుంది. చెరిపితే అదీ పోతుంది. మార్చిన పాత సెన్సార్లను పారవేయనివ్వకుండా తీసి ఉంచాలి. వాటిని అదే రకపు మరో బండికి తగిలించి చూడటం కష్టమైన పనేమీ కాదు.