ఒక్క మెతుకు చాలదు

మన ఇళ్ళల్లో సగం వైద్యం 'అట'ల మీదే నడుస్తుంది. పక్కింటావిడకి ఏదో మందుతో ఆయాసం తగ్గిందట, పిన్నిగారి తోటికోడలికి ఏదో పసరుతో షుగర్ దిగిందట! వినగానే నమ్మేస్తాం. ఒక్క మెతుకు పట్టుకుని అన్నం ఉడికిందో లేదో చెప్పేవాళ్ళం కదా మరి! కానీ మనుషులు ఒకే కుండలో ఉడికిన మెతుకులు కారు. తగ్గింది మందు వల్లా, దానంతటదేనా అన్నది ఒక్కరిని చూసి చెప్పలేం.

ఈ చిక్కు విప్పినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన ఆయన డాక్టరు కాదు, లెక్కల మనిషి. ఇంగ్లండుకి చెందిన ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్. డాక్టరు కావాలనుకున్నారు గానీ, మొదటి ప్రపంచయుద్ధంలో క్షయ పట్టుకుని మంచాన పడ్డారు. ఇంట్లోనే ఉండి పోస్టు ద్వారా అర్థశాస్త్రం చదివి, చివరికి గణాంకశాస్త్రంలో స్థిరపడ్డారు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ క్షయకే స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. బ్రిటన్‌కి దొరికింది కొద్దిగానే. ఎవరికివ్వాలి? డాక్టర్లకే వదిలేస్తే జాలిపడి బాగా జబ్బుగా ఉన్నవాళ్ళకో, ఆశపడి తేరుకునేలా ఉన్నవాళ్ళకో ఇస్తారు. అప్పుడిక పోలిక చెడుతుంది. అందుకని హిల్ ఒకరకంగా చీట్లు వేసినట్టు చేశారు. మూసిన కవరు విప్పితే గాని ఏ రోగి ఎటువైపో తెలియదు. ఎక్స్‌రేలు చూసే డాక్టర్లకీ ఆ సంగతి చెప్పలేదు. 1948లో ఫలితం అచ్చయింది. ఆరు నెలల్లో మందు వాడిన 55 మందిలో నలుగురు పోయారు. విశ్రాంతి మాత్రమే తీసుకున్న 52 మందిలో 14 మంది పోయారు. క్రిములు ఆ మందుకి మొండికేస్తున్నాయనీ అక్కడే తేలింది. ఆ తర్వాతే మందులు కలిపి ఇవ్వడం మొదలైంది.

ఈ పద్ధతే 1956లో మద్రాసుకొచ్చింది. క్షయ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియంకి పోవాలనుకునే రోజులవి. తల్లి వెళితే పిల్లల్ని చూసేదెవరు? కోడలికొస్తే పుట్టింటికి పంపేసే ఇళ్ళు ఎన్ని! మద్రాసులో 193 మంది పేదరోగుల్ని అలాగే రెండుగా చేసి, సగంమందికి శానిటోరియంలో, సగంమందికి ఇంటిదగ్గరే మందులిచ్చారు. ఇరుకు ఇళ్ళూ, చాలీచాలని తిండీ ఉన్నా, ఇంటిదగ్గరివాళ్ళు దాదాపు అంత బాగానూ కోలుకున్నారు. ఐదేళ్ళు గమనించినా, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి అందువల్ల జబ్బు ఎక్కువగా అంటలేదు. డాక్టర్లూ, నర్సులూ, లాబొరేటరీ వాళ్ళూ, లెక్కలవాళ్ళూ కలిసి చేసిన ఈ పనితో ఎందరో తల్లులకి ఇల్లు విడిచే అవసరం తప్పింది.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో మందు అందనివాళ్ళకి తామొక పరిశోధనలో ఉన్నామని చెప్పలేదు. ఇవాళ అలా కుదరదు. అన్నీ వివరించి, మన సమ్మతి తీసుకోవాలి. కాగితం ఇవ్వగానే 'మా వారు చూస్తారులెండి' అనకుండా, మనమే చదివి, అర్థంకానిది అడిగి సంతకం పెట్టాలి. వద్దనే హక్కూ మనకుంది.

కథలు రాసుకునేదాన్ని కాబట్టి ఒక్క మనిషి కథకెంత బలముందో నాకు తెలుసు. మందుల విషయంలో ఆ బలమే ప్రమాదం. ఈసారి ఎవరైనా 'తగ్గిందట' అంటే రెండే ప్రశ్నలడుగుదాం. ఎంతమందికి ఇచ్చారు? ఇవ్వనివాళ్ళు ఏమయ్యారు? జవాబు లేకపోతే, ఆ మందు మన పిల్లల నోట్లో వేయొద్దు.