తిరిగివచ్చే తేదీ లేని సెలవు

అంటువ్యాధి సోకిన బిడ్డను కొన్నాళ్లు బడికి దూరంగా ఉంచడం వైద్యం. కోలుకున్న తరువాత కూడా ఆ బిడ్డకు బల్ల మీద పక్కన చోటివ్వకపోవడం వివక్ష. మొదటిదానికి గడువు ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఆటలమ్మ పోసిన పిల్లలు పొక్కులన్నీ ఎండి పెచ్చుకట్టేవరకు, కండ్లకలక వచ్చినవారు కంటి నుంచి నీరు, పుసి కారడం ఆగేవరకు, కొవిడ్ సోకినవారు 2022 జనవరి నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం చివరి మూడు రోజులూ జ్వరం లేకుండా ఏడు రోజులు ఇంటిపట్టున ఉంటే చాలునని వైద్యశాస్త్రం లెక్కగట్టి చెప్పింది. వెక్కిరింపుకు మాత్రం అలాంటి లెక్క ఎవరూ కట్టలేదు.

ఈ విషయం కామారెడ్డి జిల్లాకు కొత్తది కాదు. 2022 జూలైలో కువైట్ నుంచి తిరిగివచ్చిన కామారెడ్డి వాసి ఒకరికి జ్వరం, దద్దుర్లు కనిపించగా, అప్పట్లో మంకీపాక్స్ అని పిలిచిన వ్యాధి కావచ్చన్న అనుమానంతో ఆయనను హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆస్పత్రికి తరలించి, నమూనాలను పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు పంపారు. ఆ వ్యాధిని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది సరిగ్గా ఆ రోజుల్లోనే, జూలై 23న. అదే నెల 26న పుణె నుంచి వచ్చిన ఫలితం ఆయనకు ఆ వ్యాధి లేదని తేల్చింది. అయితే అప్పటికే ఆయన వచ్చిన దేశం, నివసించే కాలనీ పేరు వార్తలకెక్కాయి. అనుమానం వార్త పోయినంత దూరం నివృత్తి వార్త పోదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో గల్ఫ్‌కు పోయివచ్చినవారు లేని వాడ అరుదు కాబట్టి, అలాంటి ఒక్క వార్తతో తరగతికి నలుగురైదుగురు పిల్లల మీద చూపులు పడతాయి. ఆ వ్యాధి పేరే జాత్యహంకారపు మాటలకు, కళంకానికి ఊతమిస్తోందని గుర్తించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది నవంబరు 28న దానికి ఎంపాక్స్ అనే కొత్త పేరు ఖరారు చేసింది. పేరు పెట్టడంలోనే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, పదేళ్ల పిల్లవాడికి తోటివారు తగిలించే పేరు గురించి చెప్పేదేముంది?

తెలంగాణ పల్లెకు ఈ విషయంలో ఒక పాత తెలివి ఉంది. ఒంటి మీద పొక్కులు లేస్తే "తల్లి పోసింది" అంటారు. ఆ మాటలో బిడ్డ తప్పేమీ లేదు. గుమ్మానికి కట్టిన వేపమండ బయటివారిని ఆపుతుంది, లోపలి బిడ్డను నిందించదు. అన్నిటికన్నా ముఖ్యం, పొక్కులు మాడిన తరువాత వేపాకు, పసుపు కలిపిన నీళ్లతో తానం చేయించడం, అంటే దూరం ముగిసిందని ఊరికి తెలియజేసే తంతు. ఈ ఆచారాన్ని ఆకాశానికెత్తనక్కర లేదు. అది ఎందరో పిల్లలను వైద్యానికి దూరం చేసింది, మశూచిని ఈ నేల మీది నుంచి తరిమింది వేపమండ కాదు, టీకా. అయినా తిరిగి కలుపుకునే రోజు ఒకటుండాలన్న ఎరుక ఆ ఆచారానికి ఉంది, నేటి బడికి లేదు.

ఆ రోజు లేకపోతే ఏమవుతుందో కుష్ఠువ్యాధి చరిత్ర చెబుతుంది. కామారెడ్డి నుంచి నిజామాబాద్ పోయే దారిలోని డిచ్‌పల్లిలో, రాజా నర్సాగౌడ్ వితరణతో, వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915 నాటికి కుష్ఠురోగుల ఆస్పత్రిని నిలబెట్టారు. తరువాతి దశాబ్దాల్లో బహుళ ఔషధ చికిత్స, అనగా రెండు మూడు మందులను కలిపి ఆరు నెలలో ఏడాదో వాడే పద్ధతి, ఆ వ్యాధిని పూర్తిగా నయమయ్యేదిగా మార్చింది. అయినా ఆ వ్యాధిని విడాకులకు కారణంగా చూపే నిబంధన మన చట్టాల నుంచి తొలగింది 2019లోనే. మందు కనుక్కున్న తరువాత కూడా చట్టానికి అన్నేళ్లు పట్టిందంటే, మనసులకు ఎన్నేళ్లు పట్టాలి?

బడిలో పిల్లలకు చట్టపు అండ ఉందా అంటే, ఉన్నది అతుకుల బొంత. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బాలలను శారీరకంగా దండించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధిస్తుంది. కానీ ఆ చట్టం వర్తించేది ఆరు నుంచి పద్నాలుగేళ్లవారికే, ఆచరణలో దాన్ని ఉపాధ్యాయుల బెత్తానికి తప్ప తోటిపిల్లల నోటికి వర్తింపజేసింది తక్కువ. విద్యాసంస్థల్లో వివక్షను స్పష్టంగా నిషేధించిన 2017 నాటి చట్టం హెచ్‌ఐవి, ఎయిడ్స్‌లకే పరిమితం. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020లో సవరించినప్పుడు వైద్యసిబ్బందిపై దాడిని, వారి నివాసానికి, పనికి అడ్డుపడే వేధింపును నేరం చేశారు. అది న్యాయమే. అద్దె ఇంటి నుంచి గెంటివేతకు గురైన నర్సుకు దొరికిన రక్షణ, బల్ల మీది నుంచి గెంటివేతకు గురైన ఆమె కూతురికి దొరకలేదు.

వ్యాధి కొత్త గీతలు గీయదు, ఉన్న గీతలనే ముదురు చేస్తుంది. 2020 ఏప్రిల్ 8న కేంద్ర ఆరోగ్య శాఖ, కొవిడ్ వ్యాప్తికి ఏ సమాజాన్నీ, ఏ ప్రాంతాన్నీ బాధ్యులుగా ముద్రవేయవద్దని ప్రత్యేకంగా చెప్పవలసివచ్చింది. ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట తండాల నుంచి గురుకులాలకు వచ్చే పిల్లలు పక్కపక్కన పడుకుని, ఒకే వంటశాలలో తింటారు. వారిలో ఒకరికి గజ్జి వచ్చినా అది అంటువ్యాధిగా గాక ఆ బిడ్డ పుట్టుక లక్షణంగా చెలామణి అయ్యే ప్రమాదం ఉంది. కంచం వేరు పెట్టమన్నది వైద్యుడా, కులమా అని అడిగే బాధ్యత వార్డెనుదే.

తల్లిదండ్రుల భయం నిజమైనదే, దాన్ని తీసిపారేయకూడదు. కానీ వెక్కిరింపు వారి పిల్లలను కాపాడదు. దద్దురు కనబడితే నవ్వుతారని తెలిసిన పిల్లవాడు పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని బడికి వస్తాడు, జ్వరాన్ని దాస్తాడు, రోగం మరో పదిమందికి పాకుతుంది. "ఆ పిల్లను పంపిస్తే మా పిల్లలను మాన్పిస్తాం" అని నలుగురు వచ్చి నిలబడినప్పుడు లొంగిపోయే ప్రధానోపాధ్యాయునికి కావలసింది ధైర్యవచనం కాదు, చూపించడానికి చేతిలో ఒక ఉత్తర్వు.

ఆ ఉత్తర్వును కలెక్టరు, జిల్లా విద్యాధికారి, జిల్లా వైద్యాధికారి కలిసి ఇప్పుడే, ఏ వ్యాధీ లేని రోజుల్లోనే జారీచేయాలి. వ్యాధి సోకిన విద్యార్థి పేరు ప్రధానోపాధ్యాయునికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్ర వైద్యునికి, కుటుంబానికి తప్ప మరెవరికీ తెలియకూడదు. తరగతి వాట్సాప్ గ్రూపులో దాన్ని పెట్టిన ఉపాధ్యాయునిపై శాఖాపరమైన చర్య ఉండాలి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు ఆ ఉత్తర్వును చదివి వినిపించాలి, ప్రైవేటు బడులకూ అది వర్తించాలి. బిడ్డను ఇంటికి పంపే చీటీ మీద రెండు గళ్లు ఉండాలి: వెళ్లిన తేదీ, వైద్యుని సంతకంతో తిరిగి రావలసిన తేదీ. రెండో గడి ఖాళీగా ఉన్న చీటీతో ఏ బడీ ఏ బిడ్డనూ గేటు దాటించకూడదు.