ట్రయాథ్లాన్: సీమలో సగం ఖర్చు ఊరిదే

ట్రయాథ్లాన్ డబ్బున్నవాళ్ళ ఆట అన్న మాట కర్నూలు, కడపల్లోనూ వినబడుతోంది. డాక్టర్లు, వ్యాపారులు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తెల్లవారకముందే హెల్మెట్లు పెట్టుకుని హైవే ఎక్కడం చూసినవాళ్ళకు అలా అనిపించడంలో వింతేమీ లేదు. ఆ సైకిల్ ఎంతని అడిగి, లక్షన్నర అని విని, లెక్క అక్కడితో తేలిపోయిందనుకుంటారు. కానీ సైకిల్ ఒకసారి కొనేది. మనిషిని ఈ ఆటలో నిలబెట్టేదైనా, రెండో ఏడాదికే మాన్పించేదైనా నెలనెలా అయ్యే ఖర్చు. రాయలసీమలో ఆ నెలఖర్చును విప్పి చూస్తే దాదాపు సగం ఊరి లేమి వల్ల పడుతున్నదే. ఈతకు నీళ్ళు, సైకిల్‌కు మరమ్మతు, దగ్గరలో ఒక పోటీ ఉండి ఉంటే ఆ సగం పడేదే కాదు.

ఈదడం, సైకిల్ తొక్కడం, పరుగెత్తడం ఒకదాని వెంట ఒకటి ఆపకుండా చేయడమే ట్రయాథ్లాన్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో తొలిసారి చేరిన ఈ పోటీలో ఈత కిలోమీటరున్నర, సైకిల్ 40 కిలోమీటర్లు, పరుగు 10 కిలోమీటర్లు. అందులో సగం దూరాలతో స్ప్రింట్ ఉంది. మనవాళ్ళు ఎక్కువగా మోజుపడే ఐరన్‌మ్యాన్‌లో 3.8 కిలోమీటర్లు ఈది, 180 కిలోమీటర్లు తొక్కి, ఆపైన మారథాన్ పరుగెత్తాలి. 1978లో హవాయిలో ఇది మొదలైనప్పుడు దిగినవాళ్ళు 15 మంది, ముగించినవాళ్ళు 12 మంది. ఆ పేరు మీద నడిచే కంపెనీని 2015లో చైనాకు చెందిన వాండా 65 కోట్ల డాలర్లకు కొన్నది. అంత పెట్టుబడి వచ్చిన చోట వాచీ, సూటు, జెల్లు, కార్బన్ చక్రం ఇవన్నీ లేకపోతే ఆటే లేదన్న ప్రచారం కూడా వస్తుంది. దాన్ని పక్కన పెట్టి నిజంగా కావలసినవాటి లెక్క చూద్దాం.

ఒలింపిక్ దూరానికి సిద్ధమయ్యే ఒక ఉద్యోగిని తీసుకుందాం. వారానికి 25 కిలోమీటర్ల పరుగు, 120 కిలోమీటర్ల సైకిల్, మూడు పూటల ఈత. ఏడాదికి 1,300 కిలోమీటర్ల పరుగంటే రెండు జతల బూట్లు అరిగిపోతాయి. మధ్యరకంవే కొన్నా 12 వేలు. ఆరు వేల కిలోమీటర్ల సైకిల్‌కు రెండు చైన్లు, ఒక జత టైర్లు, ట్యూబులు, బ్రేకు ప్యాడ్లు కలిపి 13, 14 వేలు. గేర్లు సరిచేయించడానికి ఏడాదికి రెండుసార్లు హైదరాబాదో బెంగళూరో పోయి వస్తే నాలుగు వేలు. పూల్‌కు నెలకు రెండు వేలు అనుకుంటే 24 వేలు. ఈత కళ్ళద్దాలు, టోపీ, దుస్తులు మూడు వేలు. అదనపు తిండికి 15 వేలు. వేరే నగరంలో రెండు పోటీలకు రుసుము ఎనిమిది వేలు, ప్రయాణం, బస 16 వేలు. మొత్తం 95 వేలకు అటూ ఇటూ, అంటే నెలకు ఎనిమిది వేలు. ధరలు ఊరిని బట్టి, దుకాణాన్ని బట్టి మారతాయి గానీ పాళ్ళు పెద్దగా మారవు. ఇందులో పూల్, మరమ్మతు ప్రయాణం, పోటీ ప్రయాణం కలిపితే 44 వేలు. అన్నిటికంటే పెద్ద పద్దు అందరూ నోరెళ్ళబెట్టే సైకిల్‌ది కాదు, నీళ్ళది.

సైకిల్ ఖర్చులో సీమకే ప్రత్యేకమైనది ముల్లు. కర్నూలు నుంచి ఓర్వకల్లు, నంద్యాల మీదుగా కడపకు వెళ్ళే నలభయ్యో నంబరు జాతీయ రహదారి సైకిల్‌కు మంచి రోడ్డే. కానీ లారీలకు దారిచ్చి అంచుకు జరిగితే అక్కడ ఉండేది సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ. కంచెకని కంప కొట్టి బండి మీద తోలుకుపోయినప్పుడు రాలిన ముళ్ళు వారాల తరబడి అంచునే పడి ఉంటాయి. రోడ్డు సైకిల్ టైరు సన్నం, అందులో గాలి గట్టిగా కొట్టి ఉంటుంది. ముల్లు దిగిందంటే నిమిషంలో రిమ్ము నేలకు తగులుతుంది. ట్యూబు మార్చినంత మాత్రాన సరిపోదు. విరిగిన మొన టైరు లోపలే ఉండిపోతే కొత్త ట్యూబు అర కిలోమీటరు కూడా రాదు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు టైరు లోపల చిన్న దూది ఉండ పెట్టి చుట్టూ తిప్పుతారు. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లుంది. అతుకు వేసుకోవడం వచ్చినవాడికి ఈ ఖర్చు పదుల్లో పోతుంది. రానివాడు ప్రతిసారీ కొత్త ట్యూబు కొంటాడు.

పంక్చరు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. మన పంక్చర్ షాపుల్లో వంగిన రిమ్మును చేతి అంచనాతో సరిచేయగల మేస్త్రీలు ఉన్నారు. హైడ్రాలిక్ బ్రేకులో ఆయిలు మార్చడానికి, పన్నెండు గేర్ల చైను కొలిచి ఎక్కించడానికి కావలసిన పనిముట్లే వాళ్ళ దగ్గర లేవు. ఆ పనిముట్ల పెట్టె ఒకటి తెచ్చుకుని, పెద్ద నగరంలో పది రోజులు పని నేర్చుకుని వచ్చిన మేస్త్రీ ఒక్కడుంటే ఊరంతటి సైకిళ్ళకూ ప్రయాణాల ఖర్చు తప్పుతుంది. 2025 సెప్టెంబరులో సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, సంతోషం. 2023-24 బడ్జెట్‌లో విదేశీ సైకిళ్ళ మీద కస్టమ్స్ సుంకం 30 నుంచి 35 శాతానికి పెరిగింది, అదీ తెలిసిందే. కొనే రోజున మాత్రమే తగిలే లెక్కలివి. కొన్నాక ఐదేళ్ళపాటు తగిలేది మేస్త్రీ లేని లోటు.

ఇక నీళ్ళు. కర్నూలు తుంగభద్ర ఒడ్డున ఉంది, హంద్రీ కలిసేది అక్కడే. రెండు ఊళ్ళ పేర్లనూ కలుపుకున్న కర్నూలు-కడప కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వింది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఒకప్పుడు అందులో పడవలు నడిచాయి. అయినా ఈతగాడికి ఈ నీళ్ళు అక్కరకు రావు. వేసవిలో నది బండలు తేలి మడుగులుగా మిగులుతుంది. నీళ్ళున్న నెలల్లో ఊరి మురుగు కలుస్తుంది. కాలువలో నీళ్ళు వదిలినప్పుడు వడి ఎక్కువ, దిగినచోట ఎక్కే వీలు లేని నిటారు గట్లు. సెలవుల్లో ఈతకని దిగిన పిల్లలు తిరిగిరాలేదన్న వార్త లేని ఏడాది మన జిల్లా పేజీల్లో లేదు. అందుకని ఈత అంటే పూలే.

పూల్ దొరకడం ఒక ఎత్తు, ట్రయాథ్లాన్‌కు పనికొచ్చే వేళలో దొరకడం మరో ఎత్తు. జిల్లా కేంద్రాల్లో పూళ్ళు గంట గంట బ్యాచ్‌ల లెక్కన నడుస్తాయి. ఏప్రిల్, మే వచ్చేసరికి నేర్చుకునే పిల్లలతో నిండిపోతాయి. పాతిక మీటర్ల పూల్‌లో కిలోమీటరున్నర అంటే అరవై సార్లు ఆగకుండా అటూ ఇటూ పోవాలి. మధ్యలో పదిమంది పిల్లలు నీళ్ళు కొట్టుకుంటుంటే అది కుదరదు, వాళ్ళను తప్పు పట్టడానికీ లేదు. ఆడవాళ్ళ బ్యాచ్ ఉన్నచోట సాధారణంగా పొద్దెక్కాకే ఉంటుంది. బడికో ఆఫీసుకో బ్యాంకుకో పోవాల్సిన మనిషికి అది లేనట్టే. ఎక్కువ రుసుముతో క్లబ్బులోనో హోటల్లోనో చేరేది ఇలాంటి వాళ్ళే. ఒక అడ్డుతాడు కట్టి, పొద్దున ఐదు నుంచి ఆరున్నర దాకా ఒక లేన్ వేరుగా ఇస్తే తీరే ఇబ్బందికి ఏడాదికి వేలు పోస్తున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తాగునీటికి ట్యాంకర్లు తిరిగే సీమలో ఈతకు నీళ్ళడగడం న్యాయమా? లెక్క చూద్దాం. 25 మీటర్ల పొడవు, పన్నెండున్నర మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు ఉన్న పూల్‌లో పట్టేది దాదాపు 4.7 లక్షల లీటర్లు. పట్టణ ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు కాబట్టి అది 3,500 మందికి ఒకరోజు నీళ్ళు. నెలకోసారి తూము తీసి కొత్తగా నింపే పూల్ అయితే అభ్యంతరం నూటికి నూరుపాళ్ళూ సరైనది. ఫిల్టరు సరిగా తిరిగే పూల్‌లో నీళ్ళు నెలనెలా మార్చనక్కర్లేదు. ఫిల్టరు కడగడానికి కొంత పోగా, అసలు నష్టం ఆవిరి. మే ఎండకు రోజుకు సెంటీమీటరు ఆవిరైందనుకున్నా మూడు వేల లీటర్ల పైచిలుకు. అది పాతిక మందికి లోపు సరిపోయే నీళ్ళు. ఎండవేళ, రాత్రివేళ పట్టా కప్పితే అందులోనూ చాలావరకు మిగులుతుంది. అంటే సీమలో పూల్ ఉండాలా వద్దా అన్నదానికంటే ఫిల్టరు తిరుగుతోందా, పట్టా ఉందా అన్నదే అడగాల్సింది. ఈ రెండూ లేని పూల్‌ను సమర్థించడం నావల్ల కాదు. రెండూ ఉన్న పూల్‌లో ఏటా వందలమంది పిల్లలకు ఈత వస్తుంది. ఆ విద్య కాలువ గట్టున ప్రాణం నిలబెడుతుంది.

తిండి దగ్గర మాత్రం ఖర్చు తగ్గించుకోవడం మన చేతుల్లోనే ఉంది. నాలుగు గంటల సైకిల్‌కు గంటకు అరవై గ్రాముల పిండిపదార్థం కావాలన్నది శిక్షకులు చెప్పే మాట. ఒక్కోటి వంద రూపాయల పైన ఉన్న జెల్‌లో ఉండేది పాతిక గ్రాములు. ఆ లెక్కన ఒక్క ఆదివారానికే వెయ్యి రూపాయలు దాటుతుంది. పులివెందుల అరటిపండు, ఖర్జూరం, వేరుశనగ చిక్కీ, ఉప్పు వేసిన బెల్లం నీళ్ళు సాధనకు చక్కగా సరిపోతాయి. పోటీ రోజున అలవాటు కోసం రెండు జెల్లు చాలు. ఓఆర్ఎస్ ఒక్కటే తాగి గంటలు గంటలు తొక్కేవాళ్ళు గమనించాలి. లీటరుకు కలిపే ప్యాకెట్‌లో గ్లూకోజ్ పదమూడున్నర గ్రాములే. అది చెమటలో పోయిన ఉప్పుకు, శక్తికి కాదు.

పోటీల ప్రయాణం దగ్గర మళ్ళీ ఊరి లేమే. 2019లో గోవా మిరామార్ తీరంలో ఐరన్‌మ్యాన్ 70.3, అంటే సగం దూరాల ఐరన్‌మ్యాన్, మొదలయ్యాక మన కుర్రాళ్ళ కళ్ళన్నీ దానిమీదే. పదివేలు దాటిన ప్రవేశ రుసుముతో అది ఆగదు. నంద్యాల, డోన్ మీదుగా వాస్కో పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో సైకిల్‌ను పార్సిల్ వేయాలి, లేదంటే నలుగురు కలిసి కారు మాట్లాడుకుని ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. మూడు రాత్రుల బస. పూల్‌లో నేర్చిన ఈతకు అల అలవాటు కావాలంటే అంతకుముందే కడప నుంచి నెల్లూరు మైపాడు తీరానికి రెండు మూడు వారాంతాలు పోయి రావాలి. కర్నూలుకు సముద్రం ఇంకా దూరం. 2024లో ఎంపీ తేజస్వి సూర్య గోవా పోటీ పూర్తి చేసినప్పుడు వచ్చిన ప్రచారం చూసి ఎంతోమంది పేర్లు నమోదు చేసుకుని ఉంటారు. వాళ్ళకు నేను చెప్పేదొక్కటే, మొదటి రెండేళ్ళు స్ప్రింట్ దూరం చాలు. దానికి రెండో చేతి గేర్ల సైకిల్ చాలు, సముద్రం అక్కర్లేదు.

ఆ స్ప్రింట్ మన ఊళ్ళో ఎందుకు పెట్టుకోకూడదు? 750 మీటర్లంటే పాతిక మీటర్ల పూల్‌లో ముప్ఫై సార్లు. ఐదు లేన్లలో ఇద్దరిద్దరి చొప్పున పదిమంది ఒక విడత. డిసెంబరు, జనవరి చలికాలంలో తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెడితే నలభై మంది నాలుగు విడతల్లో ఈది, 20 కిలోమీటర్లు తొక్కి, 5 కిలోమీటర్లు పరుగెత్తి ఎనిమిదిన్నరకల్లా ముగిస్తారు. పోలీసులు ఒక రోడ్డు మీద మూడు గంటలు లారీలను మళ్ళిస్తే చాలు. 2004లో లండన్ బుషీ పార్కులో 13 మందితో మొదలైన పార్క్‌రన్ ఇప్పటికీ రుసుము లేకుండానే నడుస్తోంది. వారంవారం అదే చోట, అదే వేళకు, వాలంటీర్ల చేతుల మీదుగా జరగడమే దాని బలం.

2024 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి నజరానాను 75 లక్షల నుంచి 7 కోట్లకు పెంచారు. గెలిచినవాళ్ళకు ఇవ్వాల్సిందే. కడప పుట్లంపల్లిలో డాక్టర్ వైఎస్ఆర్ క్రీడా పాఠశాల లాంటి ప్రతిభావంతుల బడులు కూడా కావాల్సిందే. అయితే పతకం తేలేని, తేవాలనే ఆశ లేని, నలభై ఏళ్ళకు షుగరు తగలకుండా చూసుకోవాలనుకునే టీచరు, కానిస్టేబులు, నర్సు ఈ నజరానాల్లో, బడుల్లో ఎక్కడా కనబడరు. నెలకు 15 వేలు తెచ్చుకునే ప్రైవేటు బడి టీచరుకు ఎనిమిది వేల సరదా అసాధ్యం. అతుకులు తనే వేసుకుని, బెల్లం నీళ్ళు తాగి, ఊళ్ళోనే పోటీ ఉండి, పూల్‌కు నెలకు మూడు నాలుగు వందలు కడితే చాలన్నప్పుడు అదే సరదా రెండున్నర, మూడు వేలకు దిగుతుంది. అప్పుడు ఆ మనిషి కనీసం ఆలోచిస్తుంది.

జిల్లా క్రీడాధికారులు వేసవి శిక్షణ శిబిరాల పట్టికలు త్వరలో తయారు చేస్తారు. అప్పుడే కర్నూలు, కడప పూళ్ళలో ఉదయం ఐదు నుంచి ఆరున్నర దాకా ఒక లేన్‌ను పెద్దలకు, అందులో వారానికి మూడు రోజులు ఆడవాళ్ళకు కేటాయించాలి. నెల రుసుమును గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. ఫిల్టరు ఎన్ని గంటలు తిరిగింది, కొత్త నీళ్ళు ఎన్ని లీటర్లు పట్టారన్నది కూడా అదే బోర్డు మీద రోజూ రాయించాలి.